మాత్ర మానేసిన సాక్ష్యం

కొన్ని మందుల డబ్బాల్లో మడతలు మడతలుగా ఒక పల్చటి కాగితం పెడతారు. దాన్ని చదివేవాళ్లు ప్రపంచంలో ఇద్దరే ఉంటారని మా ఆవిడ అంటుంది. ఒకడు దాన్ని రాసినవాడు, రెండోవాణ్ని నేను. కొలెస్ట్రాల్ మాత్రలు మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు, మాత్ర నోట్లో వేసుకోవడానికి ముందు ఆ కాగితం విప్పి, భోజనాల బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినవాణ్ని. పూర్తిగా చదవకుండా దేన్నీ ఒప్పుకోనని నాకొక పేరుంది. ఆ పేరు నాకు పెట్టింది కూడా నేనే.

అసలు ఈ మాత్ర నా ఇంటికి రావడానికి కారణం నా పెద్దరికమే. మా చర్చి హాల్లో ఏటా ఉచిత వైద్య శిబిరం పెడతారు. కమిటీ మెంబర్‌ని కాబట్టి వరస నిలబెట్టే పని నాది. రక్తం ఇవ్వడానికి జనం వెనకాడుతుంటే, వాళ్లకి ధైర్యం చెప్పడానికి ముందు నేనే చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాను. వారం తర్వాత రిపోర్టులొచ్చాయి. ధైర్యం చెప్పించుకున్నవాళ్లందరివీ బాగానే వచ్చాయి. నా చెడ్డ కొలెస్ట్రాల్ మాత్రం నూట డెబ్భై దాటింది.

మారేడ్‌పల్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక డాక్టరుగారున్నారు. తక్కువ మాట్లాడే మనిషి. రిపోర్టు చూసి, బీపీ చూసి, మా నాన్న సంగతి అడిగారు. మా నాన్న కూడా బడిపంతులే. యాభై తొమ్మిదో ఏట, పెన్షన్ కాగితాలు చేతికి రాకముందే గుండెపోటుతో పోయారు. ఆ మాట చెప్పగానే ఆయన పెన్ను తీశారు.

"మీకు ఇప్పుడు గుండె జబ్బేం లేదు మాస్టారూ. కానీ మీ వయసు, బీపీ, మీ నాన్నగారి సంగతి, ఈ కొలెస్ట్రాల్ అన్నీ కలిపి చూస్తే స్టాటిన్ మాత్ర వేసుకోవడం మంచిది. రోజూ నలభై నిమిషాలు నడవండి. కండరాల నొప్పి లాంటిది వస్తే మీ అంతట మీరు ఆపకండి, ముందు నా దగ్గరికి రండి" అన్నారు.

అంత పొడుగు మాటలో నా చెవిన పడినవి రెండే రెండు ముక్కలు. కండరాలు, నొప్పి.

మాత్ర మొదలుపెట్టిన రోజే నడకా మొదలుపెట్టాను. దానికి బూట్లు కొన్నాను. నా సైజు దొరకలేదు. ఒక సైజు చిన్నవి ఇచ్చి, వాడగా వాడగా అవే సాగుతాయని షాపు ఆయన చెప్పాడు. వస్తువుల సాగే గుణం గురించి ఏటా పాఠం చెప్పిన నేను ఆ మాట నమ్మాను. పొద్దున్నే మారేడ్‌పల్లి నుంచి మెట్టుగూడ మెట్రో దాకా పోయి రావడం. పోనీ నెమ్మదిగా నడుస్తానా? నాకో జబ్బుంది, ముందు ఎవరి వీపు కనిపించినా దాన్ని దాటిపోవాలి. రిటైరయ్యాక మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బల్లకి తప్ప నడిచి ఎరగని మనిషిని, ఇరవై ఏళ్ల పిల్లలతో పందెం వేసుకుంటున్నాను. ఆ సంగతి ఆ పిల్లలకి తెలీదు.

పదో రోజుకి పిక్కలు, తొడలు పట్టేశాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. వెంటనే కాగితం మళ్లీ విప్పాను. అందులో ఏం రాసి ఉందో అది అచ్చంగా నా కాళ్లలో ఉంది. సరిగ్గా ఆ రోజే మా రిటైర్డు టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. మెడలో స్టెతస్కోపు వేసుకున్న ఒకాయన, కొలెస్ట్రాల్ అనేదే మందుల కంపెనీల కుట్ర అనీ, ఆ మాత్రలు కండరాల్ని తినేస్తాయనీ, మతిమరుపు తెస్తాయనీ, రోజూ రెండు వెల్లుల్లి రెబ్బలు నమిలితే చాలనీ చెప్పాడు. ఆయన డాక్టరో కాదో, ఆ స్టెతస్కోపు ఎక్కడిదో నేను అడగలేదు. పదకొండు మందికి ఫార్వర్డ్ చేశాను.

ఆ రోజు నుంచి మాత్ర మానేశాను. డాక్టరుకి చెప్పలేదు. మా ఆవిడకి అసలే చెప్పలేదు. ఆమె రిటైర్డు స్టాఫ్ నర్సు. మింగినట్టు నటించే పేషెంట్లని పట్టుకోవడంలో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. అన్నం తిన్నాక నా ముందు మంచినీళ్లు, మాత్ర పెట్టి, నేను మింగేదాకా బల్ల దగ్గరే నిలబడేది. నేను మాత్రని నాలుక కింద పెట్టుకుని, నీళ్లు తాగి, చల్లగాలికని బాల్కనీలోకి పోయి, మనీప్లాంట్ కుండీలో మట్టి కింద పెట్టేవాణ్ని. ఆ రోజుల్లో మా మనీప్లాంట్ గుండె బ్రహ్మాండంగా ఉండి ఉండాలి. మా ఆవిడకి దొరకలేదన్న గర్వం మాత్రం నాకు రోజూ భోజనం తర్వాత పండు తిన్నంత తియ్యగా ఉండేది.

అదే వారం ఎండలు ముదిరాయని నడక కూడా మానేశాను. బూట్లు అటక మీదకి పోయాయి. ఇంకో పది రోజులకి కాళ్ల నొప్పులు మాయమయ్యాయి. చూశావా, నేను చెప్పలా, అని నాతో నేనే అనుకున్నాను. వెల్లుల్లి నమిలిన నోటితో.

ఇంతటితో ఆగి ఉంటే ఇది నా ఒక్కడి మూర్ఖత్వంగా మిగిలిపోయేది.

మా చర్చి సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకి చేసిన మేలు గురించి ఎవరైనా లేచి, మైకు తీసుకుని, రెండు నిమిషాలు చెప్పొచ్చు. పరీక్ష పాసైనవాళ్లు, ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లు, పోయిన ఉంగరం దొరికినవాళ్లు చెప్తారు. అక్కడ చెప్పిన మాటని ఎవరూ ప్రశ్నించరు. ప్రశ్నించడం మర్యాద కాదు. మిగతావాళ్లు ప్రతి వాక్యం చివరా "స్తోత్రం" అంటారు. సాక్ష్యం అయ్యాక ఒక పాట పాడి ముందుకు సాగుతారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, అక్కడ ఎదురు ప్రశ్న వేసినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

నాకు మైకు కనిపిస్తే ఆగలేని అలవాటు. మే నెల మొదటి ఆదివారం లేచాను.

"ప్రభువు నామమున అందరికీ వందనాలు. నాకు కొలెస్ట్రాల్ ఉందని చెప్పి, జీవితాంతం మాత్ర వేసుకోవాలన్నారు. అది వేసుకున్న పది రోజులకే నా కాళ్లు పడిపోయినంత పనైంది. నేను ప్రార్థన చేసి ఆ మాత్ర మానేశాను. ఈ రోజు నా దేవుడు నన్ను ఒక్క నొప్పి లేకుండా మీ ముందు నిలబెట్టాడు" అన్నాను.

"స్తోత్రం!" అన్నారు అందరూ.

అక్కడైనా కూర్చోవచ్చు కదా. కూర్చోలేదు. "నేను సైన్సు మాస్టార్ని. నేను చెబుతున్నాను. మన శరీరాన్ని చేసినవాడికి తెలియదా, అందులో కొలెస్ట్రాల్ ఎంత ఉండాలో!" అన్నాను. ఈసారి స్తోత్రం హాలు దద్దరిల్లేలా వచ్చింది. నేను ప్రార్థన చేసిన మాట అబద్ధం కాదు. మా ఆవిడకి దొరక్కుండా చూడమని చేశాను. ఆ సంగతి మైకులో చెప్పలేదు. మాత్ర మానేశాక మళ్లీ రక్తపరీక్ష చేయించుకోలేదన్న సంగతీ చెప్పలేదు.

చెప్తూ చెప్తూ పాటలు పాడే క్వయర్ వైపు చూశాను. ఆడవాళ్లలో కింది స్వరం పాడే ఆల్టో వరసలో తెల్లచీరలో మా ఆవిడ కూర్చుని ఉంది. ఆమెకి ఈ వార్త అందరితో పాటు అప్పుడే తెలిసింది.

ఆటోలో ఇంటికొచ్చాం. తాళం తీస్తూ అడిగింది. "కుండీలోనా?"

"ఊఁ."

"మీ గుండె మీ ఇష్టం. కానీ మైకులో ఎందుకు చెప్పారండీ? ఆ హాల్లో ఎంతమంది గుండె ఆపరేషన్లు అయినవాళ్లున్నారో మీకు తెలుసా?"

"నేనేమైనా ఎవర్నైనా మానెయ్యమన్నానా? నా అనుభవం చెప్పుకున్నాను. దేవుడి మహిమ కోసం."

"దేవుడి మహిమా!" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఆదివారం మటన్ కూరలో ఉప్పు లేదు. అడిగే ధైర్యం నాకూ లేదు.

మా క్వయర్‌లో బేస్, అంటే మగవాళ్ల కింది స్వరం, పాడేది ఇద్దరమే. నేనూ, మెట్టుగూడలో ఉండే నా స్నేహితుడూ. నాకంటే నాలుగేళ్లు చిన్న, రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకున్నది అంతా సికింద్రాబాద్‌లోనే. పాతికేళ్లుగా ఒకే పాటల పుస్తకం ఇద్దరం పట్టుకుని పాడుతున్నాం. నాకు రాగం వస్తుంది, తాళం రాదు. అతనికి రెండూ వస్తాయి, కానీ నేను తప్పినప్పుడు నాతో పాటు తనూ తప్పుతాడు, నేనొక్కణ్నే దొరికిపోకూడదని. రెండేళ్ల కిందట అతనికి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. అప్పటి నుంచి అతనికీ ఇదే మాత్ర, ఇంకాస్త పెద్ద డోసులో.

ఆ ఆదివారం చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. "మస్తు చెప్పినవ్ అన్నా. నాక్కూడ గట్లనే కాళ్లు గుంజుతయ్. గా గోలీ వల్లనే కావచ్చు."

నేను అతని భుజం తట్టి, "ప్రభువు చూసుకుంటాడు తమ్ముడూ" అన్నాను. నా వెనక ఇంకో ఇద్దరు నన్ను మెచ్చుకోవడానికి నిలబడి ఉన్నారు. అతనితో మాట్లాడుతూ ఉంటే వాళ్లు వెళ్లిపోతారేమోనని నా కంగారు.

మూడు నెలలు గడిచాయి. ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం కోతల పండుగ పాటలు ప్రాక్టీసు చేస్తున్నాం. పాట మధ్యలో నా పక్కన గొంతు ఆగిపోయింది. తోడు లేకపోయేసరికి నేను ఎప్పటిలాగే తాళం తప్పాను. కోపమొచ్చి మోచేత్తో పొడిచాను. అతను బెంచీ మీద కూర్చుండిపోయాడు. మొహమంతా చెమట.

"గ్యాస్ అన్నా. పొద్దుగాల మిర్చి బజ్జీలు తిన్న" అన్నాడు ఛాతీ రుద్దుకుంటూ.

"గ్యాసే" అన్నాను. నాకు తెలియని విషయం ఏముంది గనక! "సోడా తెప్పించనా?" అని కూడా అడిగాను.

ఈలోగా మా ఆవిడ పుస్తకం పక్కన పడేసి వచ్చింది. నాడి పట్టుకుంది. "ఎడమ చెయ్యి లాగుతోందా తమ్ముడూ?" అని అడిగి, అతను తలూపగానే మా పాస్టరుగారి వైపు తిరిగి, "అయ్యగారూ, కారు తియ్యండి. ఇది గ్యాస్ కాదు" అంది. నా వైపు చూడనైనా లేదు.

కారులో వెనక సీట్లో అతని తల నా భుజం మీద ఉంది. దారి పొడుగునా నేను చేసిన ప్రార్థనలో ఒక్క పూర్తి వాక్యం లేదు. మైకు ముందు అంత వచ్చే మాట ఆ పావుగంట రానే రాలేదు. బతికించు, బతికించు అని అదే పదం.

ఎమర్జెన్సీలో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. వైర్లు తగిలిస్తూ గబగబా అడుగుతోంది. "స్టెంట్ ఎప్పుడు వేశారు? మందులన్నీ వాడుతున్నారా?"

"రక్తం పల్చగయ్యే గోలీ రోజు ఏసుకుంటున్న మేడం. బీపీది సుత ఏసుకుంటున్న. కొలెస్ట్రాల్‌ది ఒక్కటే బంద్ చేసిన."

ఆమె చెయ్యి ఆగింది. "ఎందుకు? ఎప్పుడు?"

"మూడు నెలలాయె."

"ఎవరు ఆపమన్నారు?"

అతను కళ్లు తెరిచి నన్ను చూశాడు. నేను మంచం ఇవతల, అతని చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఎవరు చెప్పలే మేడం" అన్నాడు. "నాకే గట్ల అనిపించింది."

నేనే అని నేను అనొచ్చు. ఒక్క మాట. అనలేదు. కాలు కదపకుండా, నోరు మెదపకుండా, ఆ చెప్పులు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాతో పరిచయం ఉన్నవాళ్లెవరూ ఆ మౌనాన్ని నమ్మరు. నా జీవితంలో మాట్లాడాల్సిన చోట మాట్లాడకుండా ఊరుకున్నది అదొక్కసారే, సిగ్గుతో చచ్చిపోవాలనిపించిందీ అక్కడే.

ఇంకో రక్తనాళంలో అడ్డు ఏర్పడిందని తేలింది. దానికీ స్టెంట్ వేశారు. బతికాడు. గుండె కండరం కొంత దెబ్బతింది. వరండాలో పెద్ద డాక్టరు అతని భార్యకి చెబుతుంటే మేమూ విన్నాం. మాత్ర ఆపడం వల్లే ఇలా అయిందని తాను ఖచ్చితంగా చెప్పలేననీ, వేసుకుంటున్నా కొందరికి మళ్లీ వస్తుందనీ అన్నారు. "కానీ స్టెంట్ అనేది ఉన్న అడ్డుని తీస్తుంది, అంతే. కొత్తవి రాకుండా చూసేవాటిలో ఈ మాత్ర ముఖ్యమైంది. ఈయన లాంటివాళ్లు దాన్ని ఆపకూడదు" అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. తర్వాత నా వైపు తిరిగి, "మీరు ఉండబట్టి టైముకి తీస్కొచ్చిండ్రు సార్. మీ రుణం తీర్చుకోలేం" అంది. మా ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆమె చూపు తప్పించుకోవడానికి నాకు బాల్కనీ కూడా లేదు.

మూడో రోజు వార్డులో అతను దిండుకి ఆనుకుని ఇడ్లీ తింటున్నాడు. మేమిద్దరమే ఉన్నాం.

"నా పేరెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్తే ఏమైతది? గా డాక్టరమ్మ నిన్ను అందరి ముందట నాలుగు మాటలంటది. నిన్నంటే నాకు మంచిగుంటదా అన్నా?"

"మరి మానేసే ముందు నన్నొక్క మాట అడగొచ్చు కదరా! నీకు స్టెంట్ ఉంది. నాకు లేదు. నీదీ నాదీ ఒకటెలా అవుతుంది?" అరిచినంత పని చేశాను. పక్క మంచం ఆయన ఇటు తిరిగాడు.

అతను ఇడ్లీ ముక్క పళ్లెంలో పెట్టాడు. "ఏం అడగాలె? వాట్సాప్‌ల పెడితే నేను నమ్మకపోతుంటి. నాకు సుత వస్తయ్ గసొంటివి, చూసి తీసేస్త. నువ్వు సాక్ష్యం చెప్పినవ్ అన్నా. మందిరంల నిలబడి చెప్పినవ్. సాక్ష్యం చెప్పినంక ఇంక డాక్టర్‌ని ఏం అడుగుతరు?"

నాకు ఏడుపు ఆగలేదు. అతనే నన్ను ఓదార్చాడు. "ఊకో అన్నా. ఏం పరేషాన్ కాకు. మంచిగనే ఉన్న కదా" అని, మిగిలిన ఇడ్లీ నా వైపు జరిపాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ నన్ను మారేడ్‌పల్లి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. తీసుకెళ్లింది అనడం మర్యాద కోసం, నిజానికి చెయ్యి పట్టి లాక్కెళ్లింది. నేను మొత్తం చెప్పేశాను. కాగితం, వీడియో, కుండీ, మైకు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"కాగితంలో అబద్ధం ఏమీ లేదు మాస్టారూ" అన్నారు. "కొందరికి నిజంగానే ఒళ్లు నొప్పులొస్తాయి. అప్పుడు డోసు తగ్గిస్తాం, లేదా వేరే మాత్రకి మారుస్తాం. చాలా అరుదుగా కండరాలు బాగా దెబ్బతింటాయి. మూత్రం ముదురు రంగులో వస్తే, నీరసంగా అయిపోతే వెంటనే రావాలి. షుగర్ అంచు మీద ఉన్నవాళ్లకి అది కాస్త పెరగొచ్చు. లివర్ కూడా ఒకసారి చూసుకుంటాం. ఇవన్నీ కాగితంలో ఉన్నాయి. కానీ ఆ కాగితంలో మీ నాన్నగారు లేరు. మీ బీపీ లేదు. మీ స్నేహితుడి స్టెంట్ లేదు. మందు వల్ల వచ్చే కష్టం రాస్తారు గానీ, మందు వల్ల రాకుండా పోయిన గుండెపోటుని ఎవరూ చూడలేరు కదా."

"అయితే నాకూ తప్పదా?"

"మీ విషయంలో లాభం ఉంది, కానీ మరీ పెద్దది కాదు. మీరు నేను కూర్చుని మాట్లాడుకుని, వేసుకోవాలా వద్దా నిర్ణయించుకోవచ్చు. ఆయన విషయంలో లాభం చాలా పెద్దది. ఆయన దగ్గర ఆ చర్చే లేదు. మాత్ర ఒకటే, మనుషులు వేరు." తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు. "మాత్ర మొదలుపెట్టిన రోజుల్లో మీరు కొత్తగా ఇంకేమైనా చేశారా?"

నేను గుర్తు తెచ్చుకునేలోగా మా ఆవిడ అందుకుంది. "చిన్న బూట్లు వేసుకుని మెట్టుగూడ దాకా పరుగులు పెట్టారు డాక్టరుగారూ. మాత్ర మానేసిన వారమే అదీ మానేశారు."

ముప్ఫై ఒక్క ఏళ్లు ల్యాబులో లోలకం పట్టుకుని పిల్లలకి ఒకటే మాట చెప్పాను. దారం పొడుగు మారిస్తే గుండు మార్చకండి, గుండు మారిస్తే దారం మార్చకండి, రెండూ ఒకేసారి మారిస్తే దేని వల్ల ఏమైందో తెలియదు. తప్పు చేసినవాడి రికార్డు పుస్తకం మీద ఎర్ర గీత కొట్టేవాణ్ని. ఆ లెక్కన నా ఒంటి నిండా గీతలు కొట్టాలి. డాక్టరుగారు నొప్పులు బూట్ల వల్లేనని కూడా గట్టిగా అనలేదు. రక్తపరీక్ష చేయించి, తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టి, సరైన బూట్లతో నెమ్మదిగా నడిచి చూడమన్నారు. ఇప్పటిదాకా వేసుకుంటూనే ఉన్నాను. నొప్పి రాలేదు. వస్తే ఆయనకే చెబుతాను.

సెప్టెంబరు మొదటి ఆదివారానికి ముందు మా పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, సాక్ష్యం వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"వెనక్కి తీసుకోవడం ఏమిటి మాస్టారూ? నా సేవలో ఇంతవరకు అలాంటిది జరగలేదు. కావాలంటే నేనే ప్రకటనల్లో, అందరూ డాక్టర్ల సలహా పాటించండి అని చెప్తాను."

"మానెయ్యమని చెప్పింది మీరు కాదు కదా అయ్యగారూ" అన్నాను.

ఆదివారం లేచాను. కాళ్లు వణికాయి. ఈసారి మాత్ర వల్ల కాదని నాకు తెలుసు.

"అందరికీ వందనాలు. మే నెలలో నేను ఇక్కడ నిలబడి చెప్పిన మాట తప్పు" అన్నాను.

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"స్తోత్రం కాదండీ. నేను తప్పు చెప్పాను. నా నొప్పికి కారణం ఏమిటో నాకు తెలియకుండానే చెప్పాను."

"స్తోత్రం!"

"నా మాట విని నా స్నేహితుడు మాత్ర ఆపేసి, చావు దాకా వెళ్లొచ్చాడు!"

"స్తోత్రం, ప్రభువా!" అలవాటు. ఎవరినీ అనడానికి లేదు, అరవై ఏళ్లుగా నేనూ అలాగే అంటున్నాను. చివరికి మైకు పక్కన పెట్టేసి, క్లాసులో వెనక బెంచీకి వినిపించే గొంతుతో అరిచాను. "నేను చెప్పానని ఎవరూ ఏ మాత్రా మానకండి! ఎవరైనా మానేసి ఉంటే రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి! నేను సైన్సు మాస్టార్నే గానీ, ఆ రోజు నేను చెప్పింది సైన్సూ కాదు, సాక్ష్యమూ కాదు. వట్టి గొప్పలు!"

ఈసారి స్తోత్రం రాలేదు. ఏ పాట ఎత్తుకోవాలో తెలియక కీబోర్డు ఆయన చేతులు గాలిలో పెట్టుకుని కూర్చున్నాడు. నేను తల వంచుకుని వచ్చి బేస్ వరసలో ఒక్కణ్నే కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక వెనక గేటు నుంచి జారుకుందామని చూశాను. మెట్ల దగ్గర ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. మా సండేస్కూల్లో మూడు తరాల పిల్లలకి పాటలు నేర్పిన పెద్దావిడ, ఎనభై దాటి ఉంటాయి. నేను పిన్నీ అని పిలుస్తాను. ఆమెకి ఎప్పుడో బైపాస్ అయింది.

"నాయనా, నేనూ మానేశాను" అంది నెమ్మదిగా, పక్కవాళ్లకి వినపడకుండా. "నువ్వు చెప్పిన రోజు నుంచే. మా కోడలికి తెలీదు. ఇంతకీ మళ్లీ వేసుకోమంటావా?"

"నన్నడగొద్దు పిన్నీ. డాక్టర్ని అడగాలి."

"వాళ్ల దగ్గరికి పోతే పొద్దంతా కూర్చోబెడతారు. నువ్వు చదువుకున్నవాడివి. నువ్వు చెబితే చాలదూ?"

ఇప్పుడే పది నిమిషాల పాటు నేనెంత వెధవనో ఆమె ఎదురుగా నిలబడి గొంతు చించుకుని చెప్పాను. ఆమె ముందు వరసలో కూర్చుని మొత్తం వింది. అయినా నా మీద నమ్మకం ఇసుమంత కూడా తగ్గలేదు. అంత భయం నాకు ఎమర్జెన్సీలో కూడా వెయ్యలేదు.

"చాలదు పిన్నీ" అన్నాను. "రేపు పొద్దున తొమ్మిదింటికి ఆటో తీసుకుని మీ ఇంటికొస్తాను. ఇద్దరం కలిసి వెళ్దాం. రెడీగా ఉండండి."

ఆమె సరేనని పక్కకి జరిగింది. ఆమె వెనక ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు.